చేత్తో చేసిన నేపాలీ ఖుక్రీ: కత్తి మంచిదో కాదో, ఒర సరిగ్గా కుదిరిందో లేదో ఎలా తేల్చాలి?

పలాస_కుర్రాడు
ఖాట్మండు నుంచి ఒక అంగ్‌ఖోలా ఖుక్రీ (పదునుకి ఎదురువైపు, అంటే వీపు కింద పల్లం ఉండే రకం) తెప్పించాను. బ్లేడు 10.5 అంగుళాలు, రోజ్‌వుడ్ పిడి, గేదె తోలు ఒర. చూపుకి బ్రహ్మాండంగా ఉంది, అనుమానాలు మాత్రం తీరడం లేదు. ఒరలో పెట్టి ఊపితే లొడలొడమంటోంది. తలకిందులు చేస్తే కత్తి అంగుళం దాకా జారి బయటికొస్తోంది. పిడికీ ఇత్తడి కట్టుకీ మధ్య సన్నటి సందు, అందులో నల్లటి జిగురు. బ్లేడు మీద అక్కడక్కడ సుత్తి గుంటలు. పిడి దగ్గర బ్లేడు మొదట్లో ఉండే గాటు దగ్గర చిన్న తుప్పు మచ్చ. చేతిపని అంటే ఇలాగే ఉంటుందా, తిప్పి పంపేయాలా? వాపసుకి ఇంకా పది రోజులు గడువుంది. వీటిలో ఏది నిజమైన లోపం, ఏది సర్దుకుపోవచ్చు?

శ్రావణి_లేత్
గుంటలు, జిగురు తర్వాత చూద్దాం. ముందు గట్టిదనం తేల్చుకోండి. అది తప్పితే మిగతావన్నీ బాగుండి లాభం లేదు.

ఖుక్రీని మొత్తంగా నీళ్ళలో ముంచి గట్టిపరచరు. కొలిమిలో ఎర్రగా కాల్చి, కెటిల్‌తో పదును వెంట మాత్రమే సన్నటి ధారగా నీళ్ళు పోస్తారు. వీపు, పిడిలోకి పోయే తోక నిదానంగా చల్లారి మెత్తగా మిగులుతాయి. అందుకే కొట్టినప్పుడు కత్తి అదిరినా విరగదు. దెబ్బ పడేది పొట్ట, అంటే బ్లేడు వెడల్పాటి భాగం మీద కాబట్టి గట్టిదనం అక్కడ ఎక్కువగా ఉండాలి. మంచి పనితనంలో రాక్‌వెల్ (గట్టిదనం కొలత) 55–58 మధ్య వస్తుంది. గాటు వైపుకీ మొన వైపుకీ తగ్గుతూ పోవడం పద్ధతే, లోపం కాదు.

సన్నపంటి కొత్త ఆకురాయి తీసుకుని మూడు చోట్ల తేలిగ్గా రాయండి: వీపు మీద, గాటుకి అంగుళం ముందు పదును మీద, పొట్ట దగ్గర పదును మీద. వీపు మీద బాగా పట్టి ఇనుప పొడి రాలాలి. పొట్ట మీద ఎక్కువగా జారుతూ కొద్దిగానే పట్టాలి. రెండు చోట్లా ఒకేలా పట్టిందంటే నీళ్ళు సరిగ్గా పడలేదు. రెండు చోట్లా జారితే అది ఇంకా చెడ్డది. వీపు కూడా గట్టిపడిపోయినట్టు, చలికాలంలో ఎండు కర్ర మీద వేస్తే విరిగే రకం.

గునపం
శ్రావణి గారు చెప్పింది కరెక్టే, ఒక్క సవరణ. కొలిమిలో మళ్ళీ మళ్ళీ కాల్చడం వల్ల పైపొరలో కార్బన్ మండిపోతుంది. ఆ పొర మెత్తగా ఉంటుంది. కొత్త కత్తి పదును అంచు ఆ పొరలోనే మిగిలిపోయి ఉండొచ్చు. అలాంటి చోట ఆకురాయి పట్టిందని కత్తిని తీసిపారేయకండి. ఒకసారి సానపట్టి ఆ పైపొర కొంచెం పోయాక మళ్ళీ చూడండి. రెండు మూడు సానల తర్వాత పదును నిలవడం మొదలుపెట్టే ఖుక్రీలు చాలా ఉంటాయి.

తుమ్మమొద్దు
ఒర లొడలొడ గురించి ఇంత ఆలోచన అనవసరం. కత్తి బాగుంటే చాలు. ఒర ఎవరైనా కుట్టిస్తారు.

ఒరపిడి
తుమ్మమొద్దు అన్నా, ఖుక్రీ విషయంలో ఆ మాట అనకండి. వంటింటి కత్తికి ఒర అలంకారం కావచ్చు. ఇక్కడ వేళ్ళకి సంబంధించిన సంగతి.

నేపాలీ దాప్, అంటే ఖుక్రీ ఒర, ఎలా తయారవుతుందో చూస్తే విషయం తెలుస్తుంది. మెత్తటి కలప రెండు చెక్కలు, ఒక్కోదానిలో బ్లేడు ఆకారం తొలిచి, రెండూ అతికించి, మీద తడి తోలు బిగించి కుడతారు. మొన దగ్గర ఖోతీ అనే ఇత్తడి తొడుగు వేస్తారు. సంప్రదాయంగా కత్తి చేసేది విశ్వకర్మలు, తోలు పని సార్కీలది. ఏ కత్తి ఒర ఆ కత్తికే. పది ఖుక్రీలు పక్కపక్కన పెట్టి ఒరలు మారిస్తే సగం ఎక్కవు.

ఇప్పుడు అసలు కిటుకు. ఖుక్రీ పొట్ట దగ్గర వెడల్పు సుమారు 50–55 మిల్లీమీటర్లు. గాటు దగ్గర 35 ఉంటే ఎక్కువ. పొట్ట లోపలికి పోవాలంటే ఒర మూతి పొట్టంత వెడల్పు ఉండి తీరాలి. కత్తి పూర్తిగా కూర్చున్నాక మూతి దగ్గర ఉండేది సన్నటి భాగం. అంటే పదును వైపు ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల ఖాళీ ఎంత మంచి ఒరలోనైనా ఉంటుంది. పైకీ కిందకీ ఊగుతోందని ఒరని తప్పుబట్టలేం. పట్టు రావలసింది మందం వైపు నుంచి, అంటే వీపుకి దగ్గరగా రెండు చెంపల (బ్లేడు చదును పక్కల) మీద. పలాస తమ్ముడూ, నీ కత్తి ఎటు ఊగుతోందో ముందు అది చెప్పు.

పలాస_కుర్రాడు
రెండు వైపులా ఊగుతోంది అన్నా. పదును వైపుకి ఎక్కువ, పక్కలకి తక్కువ. మూతి లోపల పదును వైపు చెక్క మీద రెండు కొత్త గాట్లు కూడా ఉన్నాయి.

ఒరపిడి
ఆ గాట్లే నన్ను కలవరపెడుతున్నాయి. కత్తి తీసేటప్పుడు పొట్ట మూతి గుండా వస్తుంది. ఆ క్షణంలో పదును చెక్కకి తగిలితే కోసుకుంటూ వస్తుంది. చెక్క సందు తెగి, తోలు కుట్టు తెగి, ఒర పట్టుకున్న వేళ్ళ మీదికి వస్తుంది. ఖుక్రీ గాయాలు కొట్టేటప్పుడే కాదు, తీసేటప్పుడూ అవుతాయి.

ఎడమ చేత్తో ఒరని పిడికిలి చుట్టి పట్టుకోకూడదు. వేళ్ళు పదును వైపుకి అస్సలు పోకూడదు. బొటనవేలు ఒక చెంప మీద, మిగతా వేళ్ళు ఇంకో చెంప మీద ఉంచి, వీపు వైపు నుంచి పట్టుకోవాలి. కత్తి వీపుని ఒర వీపుకి ఆనించి ఉంచుతూ, వంపు ఎటుంటే అటు చాపంలా తిప్పుతూ లాగాలి. తిన్నగా లాగితే పొట్ట మూతికి కొట్టుకుంటుంది. పెట్టేటప్పుడూ అంతే, మొన నుంచి చివరిదాకా వీపు మీద జార్చుతూ పోవాలి.

ఆదివారం_మటన్
ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు కదా, ఈ నేపాలీవాళ్ళు మూడు ఇమిడ్చారు. వెనకాల ఆ చిన్నవి రెండూ దేనికి?

గునపం
ఒకటి కర్ద, చిన్న పనుల కత్తి. ఇంకోటి చక్మక్, పదును లేని ఉక్కు ముక్క. పదును అంచు వంగితే దాంతో రుద్ది నిలబెడతారు, చెకుముకి రాయి మీద కొట్టి నిప్పు కూడా పుట్టిస్తారు. చక్మక్ కూడా గట్టిగా ఉండాలి. ఆకురాయి దాని మీద సులభంగా పట్టిందంటే అది బొమ్మ సామాను, కత్తి పదునుకి పనికిరాదు. చౌకరకాల్లో మొదట రాజీపడేది ఇక్కడే.

సాగరతీరం
తుప్పు మచ్చ సంగతి నేను చెప్తాను. తోలు తడిగా ఉన్నప్పుడే చెక్క మీద బిగిస్తారు. సరిగ్గా ఆరకముందే ప్లాస్టిక్‌లో చుట్టి పంపితే ఆ తేమ అంతా లోపలే ఉండిపోతుంది. చెక్క కొంచెం ఉబ్బుతుంది, గాటు దగ్గర, పిడి కట్టు కింద తుప్పు మొదలవుతుంది. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల గాలిలో తేమ తోడై ఇంకా త్వరగా పడుతుంది. కత్తి వచ్చిన రోజే ఒర నుంచి తీసి, ఒరని వారం పాటు నీడలో, ఫ్యాను గాలికి, మూతి కిందికి పెట్టి ఆరబెట్టాలి. ఎండలో వద్దు. తోలు ఒకేసారి ముడుచుకుని చెక్క అతుకు విచ్చుకుంటుంది.

మచ్చ పైపైనే ఉంటే మెషిన్ ఆయిల్ రాసి 0000 నంబరు ఉక్కు ఉన్నితో రుద్దండి, పోతుంది. వేలిగోరు తగిలితే ఆగేంత గుంట పడి ఉంటే ఫోటో తీసి అమ్మినవాళ్ళకి పంపండి.

నిజాంపేట_నట్టు
నేపాల్లో అయితే ఆవనూనె రాస్తారు కదా, అది చాలదా?

సాగరతీరం
అక్కడ రోజూ వాడే కత్తి, రోజూ తుడుస్తారు. కాబట్టి చెల్లుతుంది. మన దగ్గర నెలల తరబడి పడి ఉండే కత్తికి ఆవనూనె వద్దు. గాలి తగిలి జిగురవుతుంది, అది ఒర లోపలి చెక్కకి అంటుకుని దుమ్ము పట్టేస్తుంది. కుట్టుమిషను నూనె పల్చగా ఒక పూత, లేదా వాజెలిన్. ఇంకో మాట, నెలల పాటు దాచేటప్పుడు కత్తిని ఒరలో ఉంచకండి. నూనె రాసి కాగితం చుట్టి విడిగా పెట్టండి. తోలులో, చెక్కలో ఉండే ఆమ్లాలు ఉక్కుకి పడవు.

కొలిమి_సెగ
అందరూ ఒర దగ్గర ఆగిపోయారు. బ్లేడు చూసే పద్ధతి ఇంకా పూర్తి కాలేదు.

వీపు మందం మూడు చోట్ల వెర్నియర్‌తో కొలవండి: కట్టుకి ఎదురుగా, వంపు దగ్గర, మొనకి రెండంగుళాల ముందు. కట్టు దగ్గర 9 మిల్లీమీటర్లు ఉంటే వంపు దగ్గర ఏడు దాకా, మొన దగ్గర మూడు నాలుగు దాకా తగ్గుతూ రావాలి. మొదటి నుంచి చివరిదాకా ఒకే మందం ఉంటే అది బండి కమాన్ పట్టీని కోసి సాన మీద రుద్దినది, సుత్తితో సాగదీసింది కాదు. అలాంటిది మొన బరువెక్కి మణికట్టుని లాగేస్తుంది. ఈ పొడవు అంగ్‌ఖోలా 600–700 గ్రాములు తూగుతుంది. అదే పొడవు సిరుపాతే, అంటే సిరు గడ్డి ఆకులా సన్నగా ఉండే రకం, బాగా తేలిక. రెంటినీ ఒకే తూకంతో పోల్చకండి.

తర్వాత ట్యూబులైటు కింద పట్టుకుని చెంప మీద దాని ప్రతిబింబం జరపండి. అంగ్‌ఖోలాకి వీపు కింద పొడవునా పల్లం ఉంటుంది కాబట్టి గీత అక్కడ వంగుతుంది, అది సహజం. ఆ వంపు ఒకే తీరుగా సాగాలి. మధ్యలో అలలు అలలుగా వణికితే సాన మీద చెయ్యి నిలవలేదన్నమాట. అద్దంలా మెరిసే పాలిష్ కింద ఇలాంటివి దాక్కుంటాయి. గుంటలు కనిపించే కత్తి కన్నా అతిగా మెరిసే కత్తినే నేను ఎక్కువ అనుమానిస్తాను. సుత్తి గుంట వీపు వైపు ఉంటే బలానికి ఏ లోటూ లేదు. పదునుకి అర సెంటీమీటరు లోపల ఉంటే మాత్రం ఊరుకోకండి. నాలుగు సానల తర్వాత ఆ గుంట పదును మీదికే వస్తుంది.

ఆఖరుగా మొన దగ్గర రంగు చూడండి. సాన మీద వేడెక్కితే ముందు గడ్డి రంగు వస్తుంది, అది సుమారు 220 డిగ్రీల దగ్గర. నీలం వచ్చిందంటే 290 దాటినట్టు, ఆ మేర గట్టిదనం పోయినట్టు. మొన పల్చన కాబట్టి అదే ముందు కాలుతుంది.

శ్రావణి_లేత్
ఆ నీలం రంగుని పాలిష్ చేసి తీసేస్తారు కొందరు. రంగు లేదని నమ్మేయకండి. ఇత్తడి కడ్డీ పరీక్ష చేస్తే బయటపడుతుంది. 6 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీని వైస్‌లో అడ్డంగా బిగించి, పదునుని దాని మీద ఆనించి, చెంప కడ్డీకి పదిహేను ఇరవై డిగ్రీలు ఉండేలా వాల్చి, కొద్దిగా నొక్కుతూ జరపండి. అంచు కడ్డీ మీద సన్నగా ఉబ్బినట్టు వంగుతుంది. దాటగానే తిరిగి నిలబడితే సరైన గట్టిదనం. వంగినట్టే ఉండిపోతే మెత్తన, పెళుసుగా రాలితే అతిగట్టి. పొట్ట దగ్గర మొదలుపెట్టి మొన దాకా పోండి. ఒక్క చోట హఠాత్తుగా తేడా కనిపిస్తే అక్కడ సాన మీద కాలి ఉండొచ్చు.

గునపం
పగుళ్ళ గురించి ఎవరూ చెప్పలేదు. ఎర్రటి ఉక్కు మీద నీళ్ళు పోసినప్పుడు పదునుకి అడ్డంగా వెంట్రుకవాసి పగుళ్ళు రావచ్చు. కంటికి ఆనవు. పదును వెంట కిరసనాయిలు రాసి పావుగంట వదిలేయండి. పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, మెత్తటి సుద్దపొడి చల్లి ఆగండి. పగులు ఉంటే లోపలి కిరసనాయిలు సుద్దలోకి ఊరి సన్నటి తడి గీత కనిపిస్తుంది. పొట్ట మీద ఒక్క గీత కనిపించినా వాపసే, బేరం లేదు. గాటు మూలలు కూడా ఇలాగే చూడాలి. అక్కడ మూల వాడిగా తెగి ఉంటే పగులు మొదలయ్యేది అక్కడి నుంచే. ఆకురాయితో గుండ్రంగా దిద్ది ఉండాలి.

నిజాంపేట_నట్టు
ఆ గాటు రక్తం పిడి మీదికి కారకుండా అని విన్నాను. ఒరలోంచి తీస్తే రక్తం చూడకుండా మళ్ళీ పెట్టకూడదని కూడా అంటారు.

కొలిమి_సెగ
రెండోది వట్టి కట్టుకథ. నేపాల్ పల్లెల్లో ఖుక్రీతో పుల్లలు కొడతారు, కూరలు తరుగుతారు, దసైన్‌లో (నేపాలీ దసరా) మేకని కొడతారు, వెదురు చీలుస్తారు. రోజుకి ఇరవైసార్లు ఒరలోంచి తీసే పనిముట్టు. గాటు గురించి ఆవు గిట్ట అని, త్రిశూలం అని రకరకాలుగా చెప్తారు. పనిలో దాని ఉపయోగం ఒకటి మాత్రం ఖాయం: పదును అక్కడ ఆగుతుంది, సానరాయి కట్టు దాకా పోయి గీతలు పెట్టదు.

దూలం
పిడి సందులో నల్లటి జిగురు సంగతి. దాన్ని లాహా అంటారు, చెట్ల బంక, లక్క జాతి పదార్థాలతో చేసేది. తోకని కాల్చి, కరిగిన లాహా నింపిన పిడిలోకి దించుతారు. చల్లారితే బిగుసుకుంటుంది. సందు వెంట్రుకవాసి ఉండి, జిగురు నిండుగా ఉంటే అది లోపం కాదు. పొడి గాలిలో చెక్క కొంచెం కుంచించుకుపోతుంది, కొమ్ము పిడి అయితే ఇంకా ఎక్కువ.

పరీక్ష సులువు. బ్లేడుకి మందపాటి గుడ్డ చుట్టి గట్టిగా పట్టుకుని, పిడిని అరచేత్తో పక్క నుంచి తట్టండి. ఒకే ముక్కలా మొద్దు శబ్దం రావాలి. జర్రుమని వణికితే తోక లోపల వదులుగా ఉంది. తర్వాత పిడి అడుగున చూడండి. తోక పిడి దాటి బయటికి వచ్చి బిళ్ళ మీద రివిట్‌లా కొట్టి ఉంటే ధైర్యం. లోపలే ఆగిపోయిన పొట్టి తోక అయితే లాహా ఒక్కటే దాన్ని పట్టి ఉంచేది.

తుమ్మమొద్దు
ఇందుకే పనావల్ పిడే తీసుకోమంటాను. పిడి ఆకారమంతా తోకే, రెండు వైపులా చెక్క బిళ్ళలు, రివిట్లు. ఊడే సమస్యే లేదు.

దూలం
ఊడదు, ఒప్పుకుంటాను. కానీ దెబ్బ అదురు మొత్తం చేతికి వస్తుంది, చెక్క బిళ్ళల అంచున ఉక్కు పైకి లేచి చేతికి గీసుకుంటుంది, బరువు వెనక్కి జరుగుతుంది. పాత కాలపు ఖుక్రీల్లో చాలా భాగం సన్నతోకవే, అవి తరాలు నిలిచాయి. నువ్వు కట్టెలు కొట్టే పనికి పనావల్ బాగుంటుంది. అందరికీ అదే అనకు.

తుమ్మమొద్దు
కట్టెలు కొట్టనివాడికి ఖుక్రీ ఎందుకు అసలు?

దూలం
ఇంకొకటి మర్చిపోకండి, తెలంగాణ, రాయలసీమ వేసవిలో ఎండలో ఆపిన కారులో ఖుక్రీ వదలొద్దు. లక్క జాతి జిగురు 65 డిగ్రీలు దాటితే మెత్తబడటం మొదలుపెడుతుంది. మూసిన కారు డ్యాష్‌బోర్డు ఆ దగ్గరికి వెళ్ళిపోతుంది. వేడిగా ఉండగా పిడి మెలితిప్పితే తోక చోటు మారి అలాగే బిగుసుకుంటుంది. ఎపాక్సీతో పోసిన పిడులకి ఈ బాధ తక్కువ. కానీ చెక్క కుంచించుకున్నప్పుడు ఎపాక్సీ సాగదు, పిడే పగులుతుంది. లాహా అయితే కొలిమి వేడి చూపించి మళ్ళీ సరిచేయొచ్చు.

పలాస_కుర్రాడు
మీరు చెప్పినవన్నీ చేశాను. ఆకురాయి: వీపు మీద పట్టింది, పొట్ట మీద జారింది. సుద్దలో గీతలు లేవు. వీపు మందం 9, 7.5, 4. పిడి తట్టితే మొద్దు శబ్దమే, తోక అడుగున బయటికొచ్చి కొట్టి ఉంది. ఇత్తడి కడ్డీ మీద మొన నుంచి రెండంగుళాల మేర అంచు కొంచెం వంగినట్టే ఉండిపోయింది, పొట్ట బాగుంది. ఇక మిగిలింది ఒరే.

శ్రావణి_లేత్
మొన వైపు కొంచెం మెత్తన ఫరవాలేదు, నీళ్ళధార అక్కడ తక్కువే పడుతుంది. వంగిన అంచుని చక్మక్‌తో రెండు వైపులా రుద్ది నిలబెట్టండి. ఆ రెండంగుళాల పదునుని కొంచెం లావుగా, గుండ్రటి చెంపతో సానపట్టండి, సన్నగా తీయకండి. మందపాటి రబ్బరు షీటు మీద 400, తర్వాత 800 ఎమెరీ పేపర్ పరిచి, పదును వెనక్కి ఉండేలా లాగితే ఆ గుండ్రదనం దానంతట అదే వస్తుంది. కత్తి ఉంచేసుకోండి.

ఒరపిడి
నా ఓటూ ఉంచుకోమనే. ఒర బాగుచేసే పద్ధతి రాస్తున్నాను, తొందరపడకుండా చెయ్యి.

ముందు బ్లేడు రెండు చెంపల మీదా, వీపు మీదా ముదురు రంగు మార్కరు పెన్నుతో అడ్డగీతలు గియ్యి, అర అంగుళానికి ఒకటి చొప్పున. ఆరాక నెమ్మదిగా ఒరలో పెట్టి తీయి. గీతలు చెరిగిన చోట తగులుతోందన్నమాట. వీపు పొడవునా, మూతి దగ్గర చెంపల మీద చెరిగితే మంచిది. పొట్ట పదును దగ్గర చెరిగితే అక్కడ ప్రమాదం. మొన చివర చెరిగితే మొన ఖోతీకి గుద్దుకుంటోంది, కట్టు మూతి దాకా రాకముందే ఆగిపోతుంది. స్పిరిట్‌తో తుడిస్తే మార్కరు పోతుంది.

పక్కల ఊపు కోసం మూతి లోపల చెక్కకి పలకలు వేయాలి. బ్లేడు వీపు 9, మూతి సందు సుమారు 11 ఉంటుందనుకుందాం. రెండు మిల్లీమీటర్ల తేడాని రెండు వైపులా సమానంగా పంచాలి, ఒకే వైపు వేస్తే కత్తి ఓరగా కూర్చుంటుంది. 1 మిల్లీమీటరు స్వెడ్ తోలు ముక్కలు రెండు, పొడవు 40, వెడల్పు 12. అతికించే చోటు వీపుని ఆనుకునే. పదును వైపుకి వెడల్పు పెంచకు, మొదటిసారి తీసినప్పుడే పొట్ట వాటిని కోసేస్తుంది. బయటి అంచుని బ్లేడుతో ఏటవాలుగా చెక్కు, లేకపోతే కత్తి పెట్టేటప్పుడు మొన దానికి తట్టి లేపేస్తుంది. ఫెవికాల్ ఎస్ఆర్ 998 రెండు ముఖాలకీ రాసి, చేతికి అంటనంతగా ఆరాక నొక్కి, ఒక రోజు వదిలెయ్. ఫెవిక్విక్ వాడకు, తోలు రాయిలా గట్టిపడి బ్లేడు మీద గీతలు పెడుతుంది. స్పాంజి, ఫెల్ట్ గుడ్డ తేమ పట్టి ఉంచుతాయి, అవీ వద్దు.

తర్వాత మూతి కిందికి పెట్టి తేలిగ్గా ఊపు. కత్తి జారకుండా నిలబడాలి, రెండు వేళ్ళతో లాగితే రావాలి. రెండు చేతుల బలం పెట్టాల్సి వస్తే బిగువు ఎక్కువ. బిగువైన ఒర వదులు ఒర కన్నా ప్రమాదం, ఎందుకంటే విదిలించి లాగినప్పుడు వదిలే క్షణంలో కత్తి ఎటు పోతుందో చేతిలో ఉండదు.

సాగరతీరం
పైన చెప్పింది ఎండాకాలంలో చేస్తే వానాకాలంలో కత్తి ఇరుక్కుంటుంది, చెక్క ఉబ్బుతుంది కదా. పలకలు కొంచెం సన్నంగానే, 0.8 చొప్పున వేయండి. బిగిస్తే ఒరని సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో మూసి రెండు రోజులు పెట్టండి, చాలాసార్లు అదే సర్దుకుంటుంది. అప్పటికీ తగ్గకపోతేనే చెక్క తీయడం. సన్నటి చదును పుల్లకి 120 ఎమెరీ చుట్టి వీపు పక్క చెంపల మీద మాత్రమే రుద్దాలి, తర్వాత ఒరని తలకిందులు చేసి పొడి దులపాలి. ఆ పొడి లోపల ఉంటే తేమ పట్టి ముద్దవుతుంది.

పలాస_కుర్రాడు
మూతి లోపల పదును వైపు పడ్డ ఆ రెండు గాట్లకి ఏం చేయాలి?

ఒరపిడి
లోతు 1 మిల్లీమీటరు లోపే ఉంటే వదిలెయ్, ఇక మీద వీపు ఆనించి తీస్తే పెరగవు. అంతకన్నా లోతుగా ఉండి బయట తోలు మీద ఉబ్బు కనిపిస్తే చెక్క పలచబడింది. అప్పుడు బాగుచేయడం కాదు, ఒర మార్చించాలి. మరో పరీక్ష, ఒర అంచుని వెలుతురుకి పట్టి మూతిలోంచి చూడు. అతుకు వెంట వెలుగు గీత కనిపిస్తే రెండు చెక్కలూ విడిపోతున్నాయి. అలాంటి ఒరలో పదునైన ఖుక్రీ పెట్టొద్దు.

ఆదివారం_మటన్
మేక కాళ్ళ ఎముకలు కొట్టొచ్చా దీంతో? సూటిగా చెప్పండి.

కొలిమి_సెగ
మెడ, పక్కటెముకలు పడతాయి. కాళ్ళ నడిమి ఎముక వద్దు. కొట్టడం వల్ల కాదు, ఇరుక్కున్న కత్తిని పక్కకి మెలితిప్పి లాగుతారు చూడండి, అప్పుడు పదును పెంకులా ఊడుతుంది. దానికి మన మాంసం కొట్టు కత్తే సరి. పైగా కొవ్వు, రక్తం అంటిన ఖుక్రీని సరిగ్గా కడిగి ఆరబెట్టకుండా ఒరలో పెడితే లోపలి చెక్క వాసన ఇక పోదు. దాన్ని కడగలేం.

నిజాంపేట_నట్టు
దీన్ని తెచ్చుకోవడానికి లైసెన్సు ఏమైనా కావాలా?

దూలం
ఆయుధాల నిబంధనల జాబితాలో ఖుక్రీ పేరు పెట్టే ఉంటుంది. బ్లేడు 9 అంగుళాలు దాటినా, వెడల్పు 2 అంగుళాలు దాటినా ఆ జాబితాలోకి వస్తుంది. ఇంటిపని, వ్యవసాయం కోసం చేసిన పనిముట్లకి మినహాయింపు ఉంది. దగ్గర ఉంచుకోవడానికి లైసెన్సు పట్టుబట్టేది ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో. మీ ప్రాంతం సంగతి పోలీస్ స్టేషన్‌లో అడిగి కొనండి. విమానంలో చేతి సంచిలో ఒప్పుకోరు, చెక్ఇన్ సామానులోనే పెట్టాలి. వీధిలో నడుముకి కట్టుకుని తిరగడం అసలే వద్దు.

గునపం
కర్ద, చక్మక్ జేబుల సంగతి మిగిలింది. అవి ఒరకి వెనక తోలులో ఉంటాయి. వదులైతే నడుస్తుంటే జారి పోతాయి, జనం మొట్టమొదట పోగొట్టుకునేది కర్దే. జేబులోకి తోలు ముక్క దూర్చడం కన్నా కర్ద పిడి మీద సన్నటి మైనం దారం నాలుగు చుట్లు చుట్టడం సులువు. జేబు పాడవదు, బిగువు కావాలంటే ఇంకో చుట్టు వేసుకోవచ్చు.

పలాస_కుర్రాడు
ఖోతీ కూడా కొంచెం కదులుతోంది. అది ఊడితే మొన తోలులోంచి బయటికొస్తుందా?

ఒరపిడి
చెక్క మొన దాకా ఉంటే రాదు, చాలా ఒరల్లో చెక్క అర అంగుళం ముందే ఆగిపోతుంది, అప్పుడు వస్తుంది. ఖోతీని లాగి తీసి లోపల చూడు. చెక్క చివర మొన కంటే ముందుకి ఉంటే సరే. తోలు చివరకి ఎపాక్సీ కొద్దిగా రాసి ఖోతీని తిరిగి తొడిగి, పక్క నుంచి ఇత్తడి సన్న మేకు ఒకటి కొట్టు. మేకు 5 మిల్లీమీటర్లు మించకూడదు, పొడవైతే లోపల మొనకి తగులుతుంది. కొట్టే ముందు కత్తి ఒరలో లేకుండా చూసుకో, కొట్టాక మార్కరు పరీక్ష మొన వైపు ఇంకోసారి చెయ్యి.